నొక్కని చదరం

నూట నలభై జీబీల ఫైలు తెరుచుకోవడం లేదని మా అక్క కూతురు మంగళవారం పొద్దున్నే ఫోన్ చేసింది. చేయమన్నవన్నీ చేశానని చెప్పాను. అందులో ఒకటి చేయలేదని నాకు తెలుసు. ఆ ఒక్కదానికీ ఫైలు తెరుచుకోకపోవడానికీ సంబంధం ఉంటుందని ఆ పూటకు తోచలేదు. తోచబోతే తోచనివ్వలేదు.

అక్క కూతుర్ని ఇంట్లో అందరం కత్తెర అంటాం. ఒక కంపెనీకి శిక్షణ వీడియోలు ఎడిట్ చేస్తుంది. నాలుగు గంటల ప్రసంగాన్ని నలభై నిమిషాలకు కోయడం దాని ఉద్యోగం. మనుషులతో మాట్లాడేటప్పుడూ అదే అలవాటు. ఆ వచ్చే ఆదివారం వాళ్ళమ్మకు, అంటే మా అక్కకు, ఎనభై నిండుతాయి. మూడేళ్ళ కిందట అక్క గొంతుకు ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. అప్పట్నుంచి పలక మీద రాసి మాట్లాడుతుంది. నోరున్నప్పుడు ఎంత పదునో, బలపం చేతికొచ్చాక అంతకు రెండింతలైంది. కానీ కత్తెర కూతురికి ఇప్పుడు ఆరేళ్ళు. అమ్మమ్మ గొంతు ఎలా ఉండేదో ఆ పిల్లకు గుర్తే లేదు.

ఆ గొంతు మిగిలి ఉన్నది ఒక్కచోటే. పాతికేళ్ళ కిందట మా ఆయన కొత్త కెమెరా మోజులో తీసిన రెండు గంటల క్యాసెట్ అది. అక్క కబుర్లు, పాటలు, అందరినీ దులిపెయ్యడం, అన్నీ అందులో ఉన్నాయి. ఆయన పోయి పదకొండేళ్ళు. క్యాసెట్లు ఆడే పెట్టె మా ఇంట్లోనే ఉంది కాబట్టి కత్తెర తన పాత ల్యాప్‌టాప్ తెచ్చి, మధ్యలో ఒక చిన్న డబ్బా పెట్టి, వైర్లతో రెండింటినీ కలిపింది. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ చచ్చిపోయింది, ప్లగ్గు తీస్తే ఆరిపోతుంది జాగ్రత్త అంది. దానికి సెలవు లేదు. ఏం చేయాలో నాకు చెప్పి వెళ్ళింది.

నేను ముప్పై అయిదేళ్ళ వయసులో సామాను పొట్లాల కాగితాలు చూసి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. రాసి ఉంటే తప్ప దేన్నీ నమ్మను. అందుకని కాగితం మీద రాసుకున్నాను. తెర మీద ఎర్ర చుక్క నొక్కాలి. పెట్టె మీద త్రికోణం నొక్కాలి. క్యాసెట్ అయిపోగానే తెర మీద చదరం నొక్కాలి. సేవ్ అయిందని వచ్చేదాకా దేన్నీ ముట్టుకోకూడదు.

సోమవారం రాత్రి వచ్చి డిస్కులో పట్టుకెళ్ళిన ఆ ఫైలుతో కత్తెర మంగళవారమంతా కుస్తీ పట్టింది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైలును తీసుకోనంది. ఇంకో సాఫ్ట్‌వేర్ తీసుకున్నట్టే తీసుకుని బిగుసుకుపోయింది. పెద్ద ఫైళ్ళను కొన్ని డిస్కులు భరించలేవని వేరే డిస్కులోకి కాపీ చేసింది. దానికి రెండు గంటలు పట్టింది, తెరుచుకోలేదు. పేరు చివర అక్షరాలు మార్చి చూసింది. ఆఫీసులో అన్నిటికన్నా బలమైన కంప్యూటర్‌కు తగిలించి చూసింది. గంటకోసారి నాకు ఫోన్ చేసి, పిన్నీ, క్యాసెట్ చివరిదాకా ఆడిందా, మధ్యలో ఏమైనా కదిపావా అని అడగడం, నేను లేదమ్మా లేదమ్మా అనడం. నాలుగోసారికి నా మీద కూడా కసురుకుంది. ముసలిదాన్ని పట్టుకుని ఏమిటా విసుగు అని నేనూ రెండు మాటలన్నాను. అనే హక్కు నాకు లేదని తెలిసి కూడా.

బుధవారం మళ్ళీ మొదట్నుంచి రికార్డు చేద్దామని వచ్చింది. క్యాసెట్ వెనక్కి తిప్పుతుంటే పెట్టెలో కరకరమని చప్పుడైంది. తెరిచి చూస్తే గోధుమరంగు టేపంతా నలిగి చక్రాలకు చుట్టుకుని ఉంది. కత్తెర పట్టకారుతో గంటసేపు లాగింది. మూడుచోట్ల తెగింది. ఆ ముక్కలు ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఇక మనకున్నది ఆ తెరుచుకోని ఫైలొక్కటే పిన్నీ, అంది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. మంచినీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళి, అక్కడే చాలాసేపు ఉండిపోయాను.

గురువారం మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. ఈసారి వాళ్ళమ్మను కూడా కారులో ఎక్కించుకుని వచ్చింది. అక్క కుర్చీలో కూర్చుని పలక ఒళ్ళో పెట్టుకుంది. ఆఫీసులో ఎవరో ఆ ఫైలు లోపల చూశారట. బొమ్మా మాటా అంతా లోపల భద్రంగానే ఉన్నాయట. పుస్తకంలో పేజీలన్నీ ఉండి, ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక లేనట్టుందట. ఆ పట్టికను కంప్యూటర్ రికార్డింగ్ ఆపినప్పుడే రాసుకుంటుందట. ఇంత చెప్పి కత్తెర నా ముఖంలోకి చూసింది.

"పిన్నీ, నిజం చెప్పు. చదరం నొక్కావా?"

నా దగ్గర ఒక జబ్బుంది. ఫోన్ నేను ముందు పెట్టలేను. అవతలివాళ్ళు పెట్టేదాకా చెవికి ఆనించుకునే ఉంటాను. వచ్చినవాళ్ళు మలుపు తిరిగేదాకా తలుపు వెయ్యను. మా ఆయన ఆసుపత్రికి బయల్దేరిన రోజున పాలు పొంగుతున్నాయని ఒక్క నిమిషం ముందు తలుపు వేసి లోపలికి వచ్చాను. ఆయన మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశారో లేదో ఈనాటికీ తెలియదు. అప్పట్నుంచి ఇది ముదిరింది.

ఆ సోమవారం క్యాసెట్ చివర అక్క కెమెరా వైపు తిరిగి, ఇక ఆపవయ్యా మరిదీ, ఎంతసేపని, అంది. కెమెరా వెనక నుంచి ఆయన నవ్వారు. తర్వాత తెరంతా నీలం. బాణాన్ని చదరం దాకా తీసుకెళ్ళాను. వేలు కదల్లేదు. నలభై నిమిషాలు ఆ నీలం వైపే చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత అక్కకు మందులు తీసుకెళ్ళే వేళైంది. ఊరికే పది అడుగులు బయటికి వెళ్ళినా ఇంటి మెయిన్ స్విచ్ ఆపేసి వెళ్ళడం నాకు అలవాటు, ఎక్కడ మంటలు లేస్తాయోనని. ఆ రోజూ ఆపేశాను. నేను ఆపలేదు, కరెంటు పోయింది, అంతే కదా అని మనసుకు సర్ది చెప్పుకున్నాను.

ఇదంతా చెప్పేసరికి కత్తెర రెండు చేతులతో తల పట్టుకుంది. మూడు రోజులు, పిన్నీ, అంది. మూడు రోజులు డిస్కులను తిట్టానంది, కంపెనీవాళ్ళను తిట్టానంది, ఆఖరికి బంగారం లాంటి క్యాసెట్‌ను తన చేత్తోనే చంపానంది. అక్క పలక మీద బలపం కీచుమనేలా రాసి నా వైపు తిప్పింది.

"నా మాట నువ్వు ఎప్పుడు విన్నావు? ఆపమన్నాగా."

కత్తెరకు నవ్వొచ్చింది, ఆపుకుంది. ఒక దారి ఉందని చెప్పింది. ఇదే ల్యాప్‌టాప్‌లో, ఇదే డబ్బాతో, ఒక్క అంకె కూడా మార్చకుండా, సరిగ్గా ఆపిన చిన్న ఫైలు ఒకటి కావాలట. దాన్ని నమూనాగా చూసి, పోయిన పట్టికను మళ్ళీ అల్లే ప్రోగ్రాం ఉందట. ఒక నిమిషం చాలు, కానీ బొమ్మా మాటా రెండూ ఉండాలి. ఖాళీ క్యాసెట్ పనికిరాదు. ఆడే క్యాసెట్ ఇంట్లో ఇంకొక్కటే ఉంది. కెమెరా కొన్న రోజున ఆయన వీధి చూపిస్తూ మాట్లాడినది.

వద్దన్నాను. నిన్న ఆ టేపును నమిలిన పెట్టెలో అదెలా పెడతారన్నాను. కత్తెర పెట్టె విప్పి, చక్రాలన్నీ దూదితో తుడిచి, పనికిరాని ఒక క్యాసెట్‌ను రెండుసార్లు తిప్పి చూపించింది. అయినా నా చెయ్యి ఆ క్యాసెట్‌ను వదల్లేదు. అక్క లేచి వచ్చి, నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి తీసుకుంది.

కత్తెర ఎర్ర చుక్క నొక్కి లేచి, నన్ను ముందు కూర్చోబెట్టింది. తను నొక్కితే రెండు సెకన్ల పని. అక్కే ఒప్పుకోలేదు. చెడగొట్టినదాన్నే నొక్కమను అని రాసింది. తెర మీద మా పాత వీధి వచ్చింది. తోపుడు బండి, ఎవరిదో సైకిల్, మా గుమ్మం. ఆయన గొంతు వచ్చింది. ఇదిగో ఇది మా ఇల్లు, ఈ కిటికీలోంచి ఇప్పుడు మా ఆవిడ చూస్తుంది చూడండి, అంటున్నారు. నిమిషం దాటింది. కిటికీలో నేనింకా కనపడలేదు. ఇంకొంచెం ఆగితే కనపడతాను. ఆయన నన్ను పిలుస్తారు కూడా.

కత్తెర గడియారం చూస్తోంది. పక్కనుంచి పలక నా కళ్ళ ముందుకు వచ్చింది.

"నొక్కవే. ఆయన పెట్టెలోనే ఉంటాడు, ఎక్కడికీ పోడు."

నొక్కాను. ఆయన మాట సగంలో ఆగింది. సేవ్ అయిందని వచ్చేదాకా దేన్నీ ముట్టుకోకుండా కూర్చున్నాను. కాగితం మీద అలాగే ఉంది మరి.

ఆ ప్రోగ్రాం శుక్రవారం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అల్లింది. ఫైలు తెరుచుకుంది. చివర్లో నలభై నిమిషాల నీలం కూడా ఉంది. దాన్ని కత్తెర కోసేస్తూ, ఇదంతా నీ భాగమే పిన్నీ, అని ఫోన్‌లో ఎత్తిపొడిచింది.

ఆదివారం కత్తెర దాన్ని పదిహేను నిమిషాలకు కోసి అందరికీ చూపించింది. పాటల దగ్గర ఎవరూ కదల్లేదు. ఆ ఆరేళ్ళ పిల్ల తెర వైపూ అక్క వైపూ మార్చి మార్చి చూసి, ఇంత గట్టిగా అరుస్తున్నది అమ్మమ్మేనా అని అడిగింది. అక్క బలపంతో తన గుండె మీద పొడుచుకుని చూపించింది. ఇంకోసారి పెట్టమంది పిల్ల. అక్క ముఖం కనపడకుండా అటు తిరిగి కూర్చుంది.

సోమవారం నేను అక్కకు ఫోన్ చేశాను. మా ఫోన్ అంటే నేను మాట్లాడటం, తను గోటితో టకటకా కొట్టడం. ఒకటి అంటే ఊఁ, రెండు అంటే నోర్మూసుకో. చెప్పాల్సినవన్నీ అయిపోయాయి. ఎప్పటిలాగే ఇద్దరం ఊరికే ఉన్నాం. ఇవాళ నేనే ముందు పెడదామని వేలు ఎర్ర బొత్తాం మీదకు తీసుకెళ్ళాను. అవతల టకటకమని రెండు వినిపించాయి. అక్క పెట్టేసింది.

ఒళ్ళు మండిపోయి వెంటనే మళ్ళీ చేశాను.