చివరి రీలు బస్సులో ఉండిపోయింది

మంగళగిరిలో ఒకప్పుడు ఇంగ్లీషు సినిమా ఆడితే, తెర పక్కన మైకు పట్టుకుని తెలుగులో కథ చెప్పేవాణ్ణి నేనే. పానకాలు అంటే ఇప్పుడెవరికీ గుర్తులేదు గానీ, ఆ రోజుల్లో తెరమీద బొమ్మ కన్నా నా గొంతుకే ఈలలు ఎక్కువ పడేవి. నిజానికి నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆ సంగతి హాలు ఓనరుకి తెలుసు, నాకు తెలుసు, మూడోవాడికి తెలియనివ్వలేదు.

ఆ దొరల పేర్లు మావాళ్లకి నోరు తిరగవని పాత్రలకి నేనే పేర్లు పెట్టేవాణ్ణి. అప్పటికే పాతబడ్డ ఒక నలుపు తెలుపు దొంగల సినిమాలో, టోపీ పెట్టుకుని ఇనప్పెట్టెలు తెరిచే హీరో కోటేష్. వాడికోసం ఎదురుచూసే పిల్ల శాంతి. సిగరెట్టు ఆర్పకుండా వాడి వెంటపడే ఇన్‌స్పెక్టరు జానకిరామయ్య గారు. పోలీసు కాబట్టి ఆయన్ని గారు అనక తప్పదు.

మొన్న నా నేస్తం అంకమ్మరావు వచ్చి, తనకి కంటి ఆపరేషన్ అయింది కదా, ఆ కోటేష్ సినిమా ఒకసారి చూపించమన్నాడు. నేను భయపడి ఏదో సాకు చెప్పేలోపే మా కోడలు శిల్ప టీవీలో వెతకడం మొదలుపెట్టింది. ఈ కాలం పిల్లలకి దొరకనిదంటూ ఉండదు, ఏం చేస్తాం.

నా భయమేమిటో చెప్పాలి. ఆ సినిమా వచ్చినప్పుడు మా ఇద్దరికీ ఇరవై నాలుగేళ్లు. అంకమ్మరావుది మగ్గం మీద మంచి చెయ్యి, బుద్ధికే నిలకడ లేదు. నేతగాళ్ల సొసైటీ గోడౌన్‌లోంచి ఆరు జరీ అంచు చీరలు కాజేశాడు. ఆట వదలగానే లారీ ఎక్కి చీమకుర్తి క్వారీలకి పారిపోతానని నాకొక్కడికే చెప్పాడు. ఎంత బతిమాలినా వినలేదు. సంచి కాళ్లకింద పెట్టుకుని ముందు బెంచీలో కూర్చున్నాడు.

అప్పట్లో ఒకే ప్రింటు రెండు ఊళ్లలో ఆడించేవారు. గుంటూరులో అయిన రీళ్లు అయినట్టు బస్సులో మాకు వచ్చేవి. ఆ రోజు చివరి రీలు తెస్తున్న బస్సు కాజ దగ్గర చెడిపోయింది. జనం బెంచీలు విరగ్గొట్టేలా ఉన్నారు. ఓనరు లైట్లు వేయించి, మిగతా కథ నోటితో చెప్పెయ్యమన్నాడు.

ముగింపు నాకు తెలుసు, బెజవాడలో చూసే వచ్చాను. ఓడరేవులో జానకిరామయ్య గారు కాలిస్తే, కోటేష్ శాంతి ఒళ్లో ప్రాణం విడుస్తాడు. అదే చెప్పబోయి ముందు బెంచీ వైపు చూశాను. అంకమ్మరావు నోరు తెరుచుకుని నా వంకే చూస్తున్నాడు.

మాట మార్చేశాను. కోటేష్ సొమ్మంతా తెచ్చి ఇన్‌స్పెక్టరు గారి బల్లమీద పెట్టాడన్నాను. ఆయన నాలుగు చీవాట్లు పెట్టి, ఆ తర్వాత వీపు తట్టి పనిలో పెట్టించారన్నాను. ఊపు మీదున్నాను కదా, నోటితోనే సన్నాయి ఊది శాంతితో పెళ్లి కూడా చేసేశాను.

అంకమ్మరావు లారీ ఎక్కలేదు. రెండు రోజులకి సంచి తీసుకెళ్లి సొసైటీ ప్రెసిడెంటు గారి ముందు పెట్టాడు. ఆరునెలలు వాడికి నూలు ఇవ్వలేదు, తర్వాత ఇచ్చారు. ఆ చెయ్యి మళ్లీ పరాయి వస్తువు ముట్టలేదు. అలాంటివాడు ఈ వయసులో అసలు ముగింపు చూసి, తను మారింది ఒక అబద్ధాన్ని నమ్మా అనుకుంటే, వాడికి నా మొహం ఎలా చూపించను?

భోజనాలయ్యాక టీవీ ముందు కూర్చున్నాం. కోటేష్ కనబడగానే, వీడు మనకన్నా చిన్నవాడైపోయాడే అని అంకమ్మరావు మురిసిపోయాడు. వీళ్లలో ఎవరైనా ఇంకా బతికున్నారా అని వాడడిగితే శిల్ప ఫోన్‌లో చూసి, అందరూ పోయారంది. నాకు సొంత చుట్టాలు పోయినంత బాధేసింది. వాళ్లకి పేర్లు పెట్టినవాణ్ణి కదా.

ఓడరేవు సీను దగ్గరపడుతుంటే, బజారుకి పోయి టీ తాగొద్దాం రమ్మన్నాను. వాడు కదల్లేదు. కరెంటు పోతే బాగుణ్ణని దేవుడికి మొక్కుకున్నాను. అదీ పోలేదు. తుపాకీ పేలింది, కోటేష్ పడిపోయాడు. అంకమ్మరావు వైపు చూసే ధైర్యం లేక తల దించుకున్నాను.

"ఆ రోజు నీకు అబద్ధం చెప్పానురా," అన్నాను.

"తెలుసు. ఆ రాత్రికి నీ కథ విని ఆగిపోయానా, మర్నాడు రీలొచ్చిందిగా. నీకు కనబడకుండా వెనక కూర్చుని మళ్లీ చూశాను. వాడు చచ్చిపోయాడని నువ్వే చెప్పావు మైకులో."

చావు చూసి కూడా సంచి ఎందుకు తిరిగిచ్చావని అడిగాను.

"కోటేష్‌ని చూసి ఇచ్చాననుకున్నావా? అంత జనం ముందు నా ఒక్కడి కోసం కథ మార్చావని రెండో ఆట చూశాకే తెలిసింది. ఇంక నిన్ను వదిలి ఎక్కడికి పోతానురా?"

నాకు ఏడుపు ఆగలేదు. ఈ మాట దాదాపు యాభై ఏళ్లు కడుపులో దాచుకున్నందుకు వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతున్నంతసేపూ వాడి చెయ్యి మాత్రం వదల్లేదు.