తల దించుకున్న గోల్

ఐరిస్ తన మనవరాలు టెస్ ఆక్రాయిడ్‌తో మాట్లాడి ఎనిమిది నెలలైంది. కారణం చిన్నదేమీ కాదు. బ్రాక్‌వెల్ ఫుట్‌బాల్ జట్టుకు పదకొండేళ్లు ఆడిన పిల్ల, కాలవ దాటి ఆరు మైళ్ల అవతలున్న హార్ల్‌డెన్ జట్టులో చేరింది. ఆ రెండు ఊళ్లకూ ఉప్పూ నిప్పూ. బ్రాక్‌వెల్‌లో పుట్టినవాళ్లు ఆకలితో సోలిపోతున్నా సరే, హార్ల్‌డెన్‌లో రొట్టె కొనరు.

చేరక ఏం చేస్తుంది పాపం? బ్రాక్‌వెల్ వాళ్లిచ్చే జీతం చాలక తెల్లవారుజామునే లేచి తపాలా సంచులు మోసేది, సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ ఆటకు పోయేది. హార్ల్‌డెన్ వాళ్లు వచ్చి, ఆటొక్కటే నీ ఉద్యోగం అన్నారు. ముప్ఫై ఏళ్ల వయసులో ఆ మాట రెండోసారి ఎవరంటారు? సంతకం పెట్టేసింది. అమ్మమ్మకు చెప్పే ధైర్యం మాత్రం రాలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే, చేపల వేపుడు కొట్టు దగ్గర వరసలో ఎవరో ఐరిస్ చెవిన వేశారు.

అంతే, ఐరిస్ నోటికి తాళం పడింది. ఆదివారం టెస్ భోజనానికి వెళితే మాంసం వడ్డించేది, గ్రేవీ పోసేది, మాటలు మాత్రం కుక్కతో ఆడేది. "ఆవిడగారికి ఇంకో దుంప కావాలేమో కనుక్కోరా" అని దానికే పురమాయించేది. చిన్నప్పటినుంచీ వేలు పట్టుకుని ఆటకు తీసుకెళ్లిన మనిషి ఇలా చేస్తుంటే టెస్‌కు ముద్ద దిగేది కాదు.

ఇవాళ హార్ల్‌డెన్ జట్టు బ్రాక్‌వెల్ మైదానంలోనే ఆడాలి. బూట్ల తాళ్లు బిగిస్తూ టెస్ తన కెప్టెన్ జోసీతో అంది, "నేను గోల్ కొడితే సంబరం చెయ్యనే. చేతులెత్తి తల దించుకుంటా." పాత జట్టు మీద గోల్ కొట్టినవాళ్లు అలా చెయ్యడం అక్కడి మర్యాద.

"ముందు కొట్టవే తల్లీ, దించుకోవడం తర్వాత! ఈ ఏడాది నీ గోల్స్ లెక్కపెడితే ఒక్క వేలు దాటవు."

"అమ్మమ్మ ముందు వరసలోనే కూర్చుంటుంది. చూసి మెత్తబడుతుందేమోనని."

ఎనభయ్యో నిమిషం దాకా ఎవరికీ గోల్ లేదు. అప్పుడు మూల నుంచి గాల్లోకి లేచిన బంతిని టెస్ ఎగిరి తలతో కొట్టింది. బంతి వలలో పడింది. జోసీ ఎగిరి గంతేసింది. టెస్ మాత్రం అనుకున్నట్టే రెండు చేతులూ పైకెత్తి, తల వంచేసింది. బ్రాక్‌వెల్ జనం కూడా చప్పట్లు కొట్టారు. "పర్లేదు, మన పిల్ల మర్యాద మరిచిపోలేదు" అన్నారు. ఆమె అలా నేల చూపులు చూస్తూనే గీత పక్కగా నడిచి వస్తోంది.

"ఒసేయ్ టెస్సీ!"

టెస్ తలెత్తి చూసింది. ముందు వరసలో ఐరిస్ లేచి నిలబడి ఉంది.

"గోల్ కొట్టావా, ఎవరినైనా చంపొచ్చావా? ఏమిటే ఆ వాలకం?"

"నీకు కోపంగా ఉందని, అమ్మమ్మా..."

"నువ్వు వెళ్లినందుకనుకున్నావా నా కోపం? నాకు చెప్పకుండా దొంగసొత్తులా దాచినందుకు! నీ బతుకు నువ్వు బాగుచేసుకుంటే అందులో తప్పేముందే?" ఐరిస్ కమ్మీ పట్టుకుని ముందుకు వంగింది. "మా రోజుల్లో ఆడవాళ్లని ఈ గడ్డి మీద కాలే పెట్టనిచ్చేవాళ్లు కాదు. రైలు పట్టాల వెనక బురదలో ఆడుకునేవాళ్లం. ఒకసారి నలుగుర్ని దాటుకుని గోల్ కొట్టా. చూసిందెవరు? బొగ్గుబండి గాడిద! దాని ముందు కూడా చేతులూపుకుంటూ పరిగెత్తానే నేను! నీకు రెండువేల మంది ఉన్నారు. ఇంతమందిలో తల దించుకుంటావా?"

"సారీ అమ్మమ్మా."

"మళ్లీ సారీయా! ఫో, పరిగెత్తు!"

టెస్ పరిగెత్తింది. నవ్వుతూ, ఏడుస్తూ, రెండు చేతులూ బార్లా చాపి ఆ గీత పొడుగునా పరిగెత్తి, బ్రాక్‌వెల్ జనం ఎదురుగా మోకాళ్ల మీద జారింది. ఇందాక చప్పట్లు కొట్టినవాళ్లే ఇప్పుడు లేచి నిలబడి తిట్లు లంకించుకున్నారు. ఆలస్యం చేసినందుకు రిఫరీ పరుగున వచ్చి పసుపు కార్డు చూపించాడు.

ఆ గోలంతటినీ మించి ఒక గొంతు వినబడుతోంది. చేతులు నోటి చుట్టూ పెట్టుకుని, అందరు బ్రాక్‌వెల్ వాళ్లలాగే ఐరిస్ కూడా అరుస్తోంది. "హూ! హార్ల్‌డెన్ దానా! చాల్లే నీ వేషాలు, పో మీ ఊరికి!" ముసలిదాని మొహం వెలిగిపోతోంది. పదకొండేళ్లలో ఈ మైదానంలో ఎన్ని మెచ్చుకోళ్లు విన్నదో గాని, టెస్‌కు ఏదీ ఇంత హాయిగా అనిపించలేదు.

జోసీ వచ్చి ఆమెను లేవదీసింది. "పిచ్చిగానీ పట్టిందా నీకు? అయినా ఎవరే ఆవిడ, అంత నోరేసుకుని నీ మీద పడుతోంది?"

"మా అమ్మమ్మే!" అంది టెస్, స్టేడియమంతా వినబడేలా.