కొర్రకంకుల రొట్టె

గంగులయ్య రోజుకు పది మాటలు మాట్లాడాడంటే ఆ రోజు ఏదో జరిగిందన్నమాటే. రాయచోటి పక్క పల్లెవాడు. కువైట్‌లో, సాల్మియాలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల నాలుగో అంతస్తులో ఎడిత్ మేడమ్ అనే ఇంగ్లీషామె ఇంట పద్నాలుగేళ్లుగా వంట చేస్తున్నాడు. వచ్చినప్పుడు అతనికి తెలిసింది సంగటి, ఊరిబిండి పచ్చడి. ఇప్పుడు ఆ ఇంగ్లీషు వంటల్లో అతని చేతికి రానిది లేదు. అతని 'ఆపిల్ పై' తిన్నవాళ్లు మేడమ్‌ను మెచ్చుకునేవాళ్లు. ఎవరు చేశారని అడిగితే "మేడమ్" అని అతనే చెప్పేవాడు.

ఒక్క రొట్టెను మాత్రం మేడమ్ అతని చేతికి ఇవ్వలేదు. ఏటా సెప్టెంబరు చివర, ఇంగ్లండులో గోధుమకోతలై పంట ఇల్లు చేరినందుకు చేసుకునే పండుగ రొట్టె అది. కోసి కట్టిన గోధుమకట్టను అచ్చంగా పిండితో చేస్తారు. కాడలు, కంకులు, నడుముకు కట్టు, కాడల మీద గింజ కోసం పాకే ఒక చిన్న ఎలుక. పిండి పిసికేది గంగులయ్య. కంకులు తీర్చేది మేడమ్. "ఇది మా అమ్మ నేర్పిన పని గంగూ. నువ్వు చూడు, చాలు," అనేది. పద్నాలుగేళ్లు చూశాడు.

1990 ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. మేడమ్ భర్త ఆపరేషన్‌కని జూలైలోనే లండన్ పోయి ఉన్నాడు. సైనికులు ఇంగ్లీషువాళ్లను వెతికి పట్టుకుపోతున్నారు. వాళ్లను దాచినవాళ్లకు ఉరి అని ఊరంతా చెప్పుకుంటున్నారు. మేడమ్ కిటికీలకు దుప్పట్లు కట్టి, నడవలో నేల మీద చాప వేసుకుని అక్కడే ఉండిపోయింది. మనవాళ్లు బస్సులెక్కి బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోతున్నారు. గంగులయ్య ఊరివాడు నాగేశ్వర సంచి భుజాన వేసుకుని వచ్చాడు.

"అన్నా, రేప్పొద్దున బస్సు ఉండాది. రా, పోదాం."

"నువ్వు పో."

"ఆయమ్మ దొరికితే నిన్నూ చంపుతారన్నా! బుర్ర ఉండాదా ల్యాదా నీకు?"

గంగులయ్య అతని చేతిలో నాలుగు ఖుబూస్ రొట్టెలు కట్టిన గుడ్డ పెట్టి తలుపు వేశాడు.

సెప్టెంబరు చివరికి వచ్చింది. మేడమ్ సరిగ్గా తినడం మానేసి పది రోజులైంది. పెట్టింది పెట్టినట్టే తిరిగొస్తుంటే గంగులయ్యకు ఒళ్లు మండింది. ఒకనాడు పొద్దున్నే పిండి డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"మీ పండగ."

"ఈ ఏడు వద్దు గంగూ. చూడు, చేతులెలా వణుకుతున్నాయో. ఓవెన్ కూడా పాడైపోయింది కదా."

"నేను చేస్తా. జిలానీ రొట్టెల భట్టీలో కాలుస్తా."

ఆమె లేచి వంటింట్లోకి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. "ఈస్టు చిటికెడే వెయ్యి. ఎక్కువ పొంగితే కంకులు బొద్దుగా అయిపోతాయి."

"తెలుసు."

గట్టిగా పిసికాడు. పళ్లెంలో అడుగు పరిచి, సన్నటి కాడలు ముప్పై చేసి వరసగా పేర్చాడు. కంకులు మొదలుపెట్టాడు. చిన్న కత్తెరతో ఒక్కో గింజ లేపుతూ, కంకి తల ఒక పక్కకు వంచాడు.

"అలా కాదు," అంది మేడమ్. "గోధుమకంకి నిటారుగా నిలబడుతుంది. మీసాలుంటాయి."

"నేను గోధుమచేను చూల్లేదు."

"పద్నాలుగేళ్లు నా రొట్టె చూశావుగా?"

"అది రొట్టె. చేను కాదు." కత్తెర ఆపాడు. "మాది కొర్ర. గింజ పట్టినాక తల వంచుతాది. నిటారుగా ఉంటే తాలుకంకి."

మేడమ్‌కు నవ్వొచ్చింది. "అయితే నా పొలమంతా తాలేనంటావ్. సరే, నీ పంటే కట్టు. ఎలుక మాత్రం నాది," అని ముద్ద తీసుకుని వణికే వేళ్లతోనే ఎలుకను చేసి, మిరియాలతో కళ్లు పెట్టింది. గుడ్లు దొరకడం లేదు. పాలపొడి చిక్కగా కలిపి గంగులయ్య పైన పూశాడు. నడుముకు కట్టును తాడులా మెలి పెట్టి, తన చేలో కట్టిన ముడే వేశాడు.

జిలానీ బాషాది వెనక వీధిలో రొట్టెల కొట్టు. గంగులయ్య పక్క ఊరివాడే. పొద్దుటి ఖుబూస్ అయిపోయాక భట్టీ వేడి దిగుతుంది. ఈ రొట్టెకు కావలసింది ఆ దిగే వేడే. మంట మీద పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ఎండ నడినెత్తికి వచ్చే వేళకు గంగులయ్య పళ్లెం మీద గుడ్డ కప్పుకుని వెళ్లాడు. కొట్టు ముందు రెండో వాయికోసం ముప్పై మంది నిలబడి ఉన్నారు. తలుపు దగ్గర తుపాకి పట్టుకుని ఒక నడివయసు ఇరాక్ సైనికుడు.

రెండు గంటల తర్వాత జిలానీ పొడుగు చెక్కపారతో పళ్లెం బయటికి లాగాడు. లాగి అట్లే నిలబడిపోయాడు.

"యా అల్లా! ఏందన్నా ఇది? ముట్టుకుంటే గింజలు రాలేటట్టు ఉండాది!"

బెల్లం రంగులో మెరుస్తోంది. ఒక్క కంకి చిట్లలేదు. గంగులయ్య ఛాతీలో ఏదో నిండింది. వరసలోని వాళ్లు మెడలు చాచారు. సైనికుడూ వచ్చాడు.

"పిండి దొరక్క జనం చస్తుంటే ఇంత సోకు రొట్టా? ఎవరింటికిది?" అన్నాడు అరబ్బీలో.

గంగులయ్య ఒకడుగు ముందుకు వేశాడు. "నాదే."

"ఇంతా నువ్వొక్కడివే తింటావా?"

జిలానీ అందుకున్నాడు. "దేవుడికి, సార్. వీళ్లు హిందువులు. ఇప్పుడు వీళ్ల దసరా."

"మరి ఈ ఎలుకేంటి?"

"వీళ్ల దేవుడొకాయన ఎలుక మీదెక్కి తిరుగుతాడు సార్!"

వరసంతా నవ్వింది. సైనికుడూ నవ్వాడు గాని అక్కడి నుంచి కదల్లేదు. వంగి కంకులను వేలితో తడిమాడు. "నేను మోసుల్ దగ్గర రైతును. ఇది గోధుమ కాదే?"

"కాదు. కొర్ర. మా పంట." అంతటితో ఆగాల్సినవాడు ఆగలేదు. చేను మాట ఎవరూ అడగక ఎన్నేళ్లయిందో. ఒక్క వానకు మొలిచి ఇంకో వానకు పండుతుందని, కంకి గోధుమలా నిక్కదని, నక్కతోకలా వాలుతుందని, కొడవలితో ఎట్లా కోస్తారో, పచ్చిగడ్డి మెలేసి కట్ట ఎట్లా కడతారో, వచ్చిన అరబ్బీలో చేతులు తిప్పుతూ చెప్పాడు. సైనికుడు ఆ ముడిని పరీక్షగా చూశాడు.

"మేమూ ఇట్లాగే కడతాం," అన్నాడు మెల్లగా. తర్వాత గంగులయ్య భుజం తట్టి, "యల్లా, పద. నీ దేవుడెక్కడున్నాడో నేనూ చూస్తా."

ఇష్టంగానే అన్నాడు. అక్కడే వచ్చింది చిక్కు. వద్దంటే అనుమానం. సరేనంటే వెంట వస్తాడు. నాలుగో అంతస్తులో మేడమ్ రొట్టెకోసం ఎదురుచూస్తోంది. గంగులయ్య రొట్టె వైపు చూశాడు. పొద్దుటి నుంచి దాన్ని ఆమె ముందు పెట్టే క్షణం కోసమే బతికాడు. పళ్లెం ఎత్తినవాడు మళ్లీ పిండిబల్ల మీదే దించాడు.

"దేవుడు ఈడనే," అన్నాడు.

వరసలో మన సీమ నుంచి ఇళ్లపనికి వచ్చిన అమీర్‌బీ ఉంది. ఆమె యజమానులు సౌదీకి పారిపోతూ ఆమెను గాలికి వదిలేసి పోయారు. గంగులయ్య ముఖం చూసి ఆమెకు ఏం అర్థమైందో గాని గట్టిగా అరిచింది. "అవునయ్యా పెద్దాయనా! మీ సామికి చూపిచ్చి మాకింత పెట్టు. నిలబడి నిలబడి కాళ్లు పడిపోతాండాయి."

గంగులయ్య దోసిట్లో నీళ్లు తీసుకుని రొట్టె చుట్టూ మూడుసార్లు తిప్పాడు. కళ్లు మూసుకున్నాడు. తర్వాత రెండు చేతులతో పట్టి కట్ట దగ్గర విరిచాడు. కట్టెపుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఒక్కో కంకీ తెంపి ఒక్కో చేతిలో పెడుతూ పోయాడు. ఎలుక అమీర్‌బీ వాటాకు వచ్చింది.

"ఏందన్నా, రాయి కాల్చినావా?" అన్నాడు జిలానీ బుగ్గ పట్టుకుని.

"నమలు."

సైనికుడు సగం కంకి తిని, మిగిలిన సగం చొక్కా జేబులో పెట్టుకుని, తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. అమీర్‌బీ ఎలుకను అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవురు జేసినారయ్యా దీన్ని?" అంది.

ఎలుకను చేసిన మనిషి పేరు చెప్పకూడదు. మిగతా రొట్టె ఎవరు చేశారంటే చెప్పవలసిన పేరు ఒకటే.

"నేనే," అన్నాడు గంగులయ్య, వరస చివరిదాకా వినబడేట్టు.

ఖాళీ పళ్లెంతో నాలుగు సందులు చుట్టి ఇల్లు చేరాడు. మేడమ్ పళ్లెం వైపు చూసి, గోడ పట్టుకుని నిలబడింది. జరిగింది రెండు ముక్కల్లో చెప్పాడు.

"ఒక్క కంకీ మిగల్లేదా?"

"లేదు మేడమ్."

ఆమె ఖాళీ పళ్లెం చేతిలోకి తీసుకుంది. "మా ఊళ్లో చర్చిలో పెట్టి, మర్నాడు ముక్కలు చేసి లేనివాళ్ల ఇళ్లకు పంపేవాళ్లు. నేనే ఇన్నేళ్లూ అద్దాల బీరువాలో పెట్టి చూసుకున్నాను," అంది. ఆ తర్వాత ఆమె గొంతులో ఇన్నాళ్లూ లేని పాత యజమానురాలు లేచి కూర్చుంది. "అడుగు మాడిందా?"

"మాడలేదు."

"కంకులు చిట్లాయా?"

"ఒక్కటీ లేదు."

"నాకు ఒక్కసారీ అలా రాలేదు గంగూ. ఏటా రెండు మూడు చిట్లేవి." భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాగి అతనికి చూపించింది. "మొదటి నుంచి చెప్పు. కంచంలో ఏదైనా పెట్టుకుని రా, నేను తింటూ వింటాను."

గంగులయ్య అన్నం, పప్పు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆ ఇంట్లో అతనెప్పుడూ కుర్చీ మీద కూర్చోలేదు. ఆ పూట కూర్చున్నాడు.

"భట్టీ చల్లబడేదాకా ఆగినా మేడమ్," అని మొదలుపెట్టాడు.