అరంగుళం లోపల

భయం నాకు దగ్గరి చుట్టం. పిలవకుండా వస్తుంది, వచ్చాక ఓ పట్టాన కదలదు. "గాలికి తలుపు కొట్టుకున్నా ఇది మంచం కిందికి దూరుతుంది" అని చిన్నప్పుడు అన్నయ్య ఏడిపించేవాడు. ఇప్పుడు మంచం కింద పట్టను గానీ, పట్టేదాన్నయితే ఈ మూడు రోజులూ అక్కడే ఉండేదాన్ని.

మా వీధి చివర రంగుల ఫ్యాక్టరీ ఉంది. దాని కాపలావాళ్ళ నీలం చొక్కాలు కుట్టేది నేనే. ఇంటి ముందుగదే నా దుకాణం. ఒక మెషిను, ఒక కటింగ్ బల్ల, బల్ల కింద కత్తిరింపు ముక్కల మూట. ఆ చొక్కాలే నాకూ పదేళ్ళ నా కూతురికీ తిండి పెడుతున్నాయి. మా ఆయన సంగతి అడక్కండి. ఆయన వేరే ఊళ్ళో, నాలా ప్రతిదానికీ బెదరని మనిషితో సుఖంగా ఉన్నాడు.

నాలుగు నెలల క్రితం ఆ ఫ్యాక్టరీలో మురుగు ట్యాంకు కడగడానికి దిగిన ముగ్గురు మనుషులు పైకి రాలేదు. అందులో ఒకడు మా అన్నయ్య. వాళ్ళు మా పనివాళ్ళు కాదు, మేం పిలవలేదు, గోడ దూకి వచ్చి ఉంటారు అంది కంపెనీ. పోయినవాళ్ళని దొంగల్ని కూడా చేసింది. ఆ మాట విన్నరోజు నాకు భయం వెయ్యలేదు, ఒళ్ళు మండింది. కానీ ఆ మంట సాయంత్రానికల్లా చల్లారిపోయింది. మర్నాడు పొద్దున్నే కూర్చుని కాపలావాళ్ళ చొక్కాలకి బొత్తాలు కుట్టాను.

మా వదిన అలా కూర్చోలేదు. ప్రతి ఆదివారం సాయంత్రం అయిదింటికి వీధిలో ఆడవాళ్ళని వెంటేసుకుని ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా నిలబడటం మొదలుపెట్టింది. నినాదాలు లేవు, కేకలు లేవు. చేతుల్లో అట్టముక్కలు పట్టుకుని ఒక గంట నిలబడతారు, వచ్చేస్తారు. మొదట్లో ఆరుగురు. తర్వాత ముప్ఫై మంది దాకా అయ్యారు. నేను ఒక్క ఆదివారం కూడా వెళ్ళలేదు. అంతెందుకు, వదిన వీధిలో ఎదురైతే చెప్పు తెగినట్టు కిందికి వంగేదాన్ని. గేటు దగ్గర కాపలా ఉండేవాళ్ళందరూ నా చొక్కాలే తొడుక్కుని ఉంటారు మరి. మా వదిన మంచిది. ఒక్కసారి కూడా దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేది.

పోయిన వారం పెరటి తలుపు దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది.

"నువ్వొచ్చి నిలబడొద్దులే. ఒక బ్యానర్ కుట్టిపెట్టు చాలు. వానకి అట్టలు నానిపోతున్నాయి, రంగు కారిపోతోంది. చదివేవాళ్ళకి ఏం అర్థం కావట్లేదు."

ఎలా కాదనను? బుధవారం మధ్యాహ్నం, అమ్మాయి బడిలో ఉండగా, వీధి తలుపు గడియ పెట్టి కుట్టాను. పాత తెల్ల దుప్పటి మీద అక్షరాలు కత్తిరించి అతికాను. 'ముగ్గురూ ఈ గేటులోంచే లోపలికెళ్ళారు.' అంతే మాట. అక్షరాలకి గుడ్డ ఎక్కడిదంటారా? బల్ల కింద మూటలోది. కత్తిరింపు ముక్క పారెయ్యడం మా వృత్తిలో మహాపాపం. చెయ్యి దానంతటదే కిందికి వెళ్ళి, అందిన ముక్క తెచ్చుకుంటుంది. నా కళ్ళకి ఆ ముక్కల పొడవూ వెడల్పూ కనబడ్డాయి. రంగు కనబడలేదు. దేవుడి మీద ఒట్టు, కనబడలేదు.

ఆదివారం సాయంత్రం అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మా, అత్తయ్యావాళ్ళ బ్యానరూ కాపలావాళ్ళ చొక్కాలూ ఒకటే రంగు! అందరూ నవ్వారు. కాపలావాళ్ళకి కోపమొచ్చి లాగేసుకుని లోపలికి పట్టుకుపోయారు."

చేతిలో కత్తెర జారి కాలి పక్కన పడింది. అంగుళం ఇటు పడితే బొటనవేలు పోయేది. ఆ నీలం గుడ్డ బజారులో దొరకదు. కంపెనీవాళ్ళు ప్రత్యేకంగా రంగు వేయించి తెప్పించేది. తీసుకొచ్చి నా బల్ల మీద పెడతారు, చొక్కాలు కుట్టించుకుని పట్టుకెళతారు. దాంతో ఆ మాట రాసింది నేను. అంటే సంతకం పెట్టి ఇచ్చినట్టే.

ఇక చూడండి. సోమవారమంతా వీధిలో బండి చప్పుడైతే చాలు, సూది దారం తెంపుకునేది. ఎవరైనా "ఏమమ్మా" అని పలకరిస్తే "నాకేం తెలీదు" అనబోయి నోరు మూసుకున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మూటలో మిగిలిన నీలం ముక్కలన్నీ తీసి బియ్యం డబ్బాలో కుక్కాను. తర్వాత ఎవరైనా వెదికితే ముందు బియ్యం డబ్బాయే తెరుస్తారనిపించి మళ్ళీ తీసి మూటలోనే పెట్టాను. అన్నం సయించలేదు. నన్ను స్టేషనుకి తీసుకుపోతే అమ్మాయి నాలుగింటికి బడి నుంచి వచ్చి తాళం చూసుకుని మెట్ల మీద కూర్చుంటుంది. ఎంతసేపని కూర్చుంటుంది? ఆలోచన అక్కడిదాకా వచ్చి ఆగిపోయేది. దాని తర్వాత నాకేం కనబడేది కాదు.

మంగళవారం పొద్దున్న చొక్కా వదులు చేయించుకోవడానికి వచ్చిన కాపలా కుర్రాడు చెప్పాడు.

"మా సెక్యూరిటీ ఆఫీసరు ఆ బ్యానర్ని బల్ల మీద పరిచి భూతద్దం పెట్టి చూస్తున్నాడక్కా. కంపెనీ గుడ్డ దొంగతనం కింద కేసు పెట్టిస్తాడట. ఇందాకే దాన్ని పట్టుకుని మాస్టారి దుకాణానికి వెళ్ళాడు, ఇది ఎవరి చేతి కుట్టో అడగడానికి."

మాస్టారి పేరు వినగానే కుర్రాడి చొక్కా పక్కన పెట్టేశాను. పదహారేళ్ళప్పుడు నాకు మెషిను నేర్పింది ఆయనే. మిగతా దర్జీలందరూ కుట్టు అంచు దగ్గర మొదలుపెడతారు. ఆయన అలా ఒప్పుకోడు. అంచు నుంచి అరంగుళం లోపల సూది దించాలి, అక్కణ్ణించి వెనక్కి అంచుదాకా రావాలి, అప్పుడు ముందుకు పోవాలి. అలాగైతే దారం కొస అంచులో కనబడదు, కుట్టు ఊడదు. మరిచిపోయి అంచు నుంచి మొదలుపెడితే ఆయన ఒకటే మాట అనేవాడు, "విప్పు." కారణం చెప్పడు, తిట్టడు. నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ విప్పేదాన్ని. ఏడాది తిరిగేసరికి నా చేతులకి ఇంకోలా కుట్టడం రాకుండా పోయింది. ఈ ఊళ్ళో అరంగుళం లోపల మొదలుపెట్టేది ఇద్దరమే, ఆయనా నేనూ.

యూనిఫారాల పని మూడేళ్ళ క్రితం దాకా ఆయనదే. చేతులు వణకడం మొదలయ్యాక కంపెనీవాళ్ళు నాకిచ్చారు. నేను వద్దనలేదు. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. నేనూ మొహం చెల్లక ఆ వైపు వెళ్ళలేదు. ఇప్పుడు ఆయన ఒక్క మాటంటే చాలు, పగా తీరుతుంది, పనీ తిరిగొస్తుంది. చెప్పకుండా ఎందుకుంటాడు? ఆయన స్థానంలో నేనుంటే చెప్పేదాన్నేమో.

పదకొండింటికి జీపు నా గుమ్మం ముందు ఆగింది.

ముందు ఆఫీసరు దిగాడు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అరిచేవాళ్ళంటే నాకు ఇంత భయం ఉండదు. ఛాతీ నలభై రెండు, భుజం పద్ధెనిమిది. ఆ కొలతలు తీసినరోజు కూడా ఊపిరి బిగబట్టే తీశాను. ఆయన వెనక మాస్టారు దిగాడు. ఎండలో కళ్ళు చిట్లించుకుని, నన్ను కాదు, నా మెషిన్ని చూశాడు.

ఆఫీసరు బ్యానర్ని కటింగ్ బల్ల మీద పరిచాడు. ఒక అక్షరం అంచుని గోటితో లేపాడు.

"మా అమ్మ కూడా మెషిను మీదే మమ్మల్ని పెంచిందమ్మా. కుట్టు చూస్తే చెయ్యి తెలిసిపోతుందనేది. ఇదిగో, మొదట్లో అరంగుళం మేర రెండు వరసలున్నాయి. ప్రతి అక్షరానికీ ఇంతే. ఈ పెద్దాయన తానే కుట్టానంటున్నాడు. నిజమేనా?"

నాకు అర్థం కాలేదు. మాస్టారి వైపు చూశాను. ఆయన నా కిటికీకి వేలాడుతున్న దారాల రీళ్ళు లెక్కపెడుతున్నట్టు అటే చూస్తూ నిలబడ్డాడు.

"నేనే కుట్టాను సార్. ముసలాణ్ణి, పనిలేదు, పొద్దుపోక కుట్టాను," అన్నాడు.

"గుడ్డ ఎక్కడిది?"

"పాత ముక్కలు. మీ పని చేసినప్పటివి."

ఆఫీసరు నవ్వాడు. నా బల్ల మీంచి ఒక తెల్ల ముక్క తీసి మెషిను మీద పడేశాడు. "ఒక గీత కుట్టి చూపించు."

మాస్టారు కూర్చున్నాడు. సూది అరంగుళం లోపల దించి, వెనక్కి వచ్చి, ముందుకు కదిలాడు. మొదలు చక్కగా ఉంది. తర్వాత వేళ్ళు గుడ్డని అదుపు చెయ్యలేకపోయాయి. గీత చీమలబారులా వంకరలు తిరుగుతూ ఆ చివరకి పోయింది. ఆ చేతులు ఒకప్పుడు ఎలా కుట్టేవో నాకు తెలుసు. తల దించుకున్నాను.

"ఈ చేత్తో ఆ అక్షరాలు కుట్టావా?"

"చేతులు ఒక్కో రోజు ఒక్కోలా ఉంటాయి సార్. ఇవాళ మీరు నెత్తి మీద నిలబడ్డారు కదా."

"నువ్వు కుట్టమ్మా," అన్నాడు ఆఫీసరు, గొంతు పెంచకుండా.

కూర్చున్నాను. సొంత మెషిను, సొంత కుర్చీ, అయినా పెడల్ ఎక్కడుందో పాదానికి తెలియలేదు. నేను చెయ్యాల్సింది ఒక్కటే, అందరు దర్జీల్లా అంచు నుంచి మొదలుపెట్టడం. అమ్మాయి మొహం తలుచుకున్నాను. చెయ్యి అలవాటుకొద్దీ అరంగుళం లోపలికి జరుగుతోంది. బలవంతాన వెనక్కి లాగి, అంచు మీద సూది దించి, కుట్టేశాను. గీత తిన్నగా వచ్చింది. గట్టెక్కాననుకున్నాను.

ఆఫీసరు గుడ్డని వెలుతురులో పెట్టి చూశాడు. "బాగుంది," అన్నాడు. తర్వాత తన చొక్కా జేబు అంచు కింద బొటనవేలు దూర్చి నా ముందుకి వంగాడు. "మరి ఇది ఎవరు కుట్టారమ్మా?"

జేబు మూల అరంగుళం, రెండు వరసలు. నా చేతి కుట్టు ఆయన గుండె మీదే ఉంది. అతి తెలివితో నా గోతిలో నేనే పడ్డాను.

"జేబులు నేనే కుడతాను సార్," అన్నాడు మాస్టారు వెంటనే. "నా పని పోయిందని జాలిపడి ఈ అమ్మాయి నాకు రహస్యంగా ఇస్తుంటుంది. ఆ ముక్కలూ అలాగే వచ్చాయి. దీనికేం తెలీదు."

అది నమ్మే మాట కాదని ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. కానీ ఆఫీసరుకి కావలసింది నిజం కాదు, జీపులో ఎక్కించుకోవడానికి ఒక మనిషి. పైగా చొక్కాలు కుట్టే మనిషి పోతే ఇంకొకరిని వెతుక్కోవాలి. నా వైపు తిరిగాడు.

"అంతేనా?"

"అవును," అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చినంత సులువుగా పాలపన్ను కూడా ఊడిపడదు. అన్నాక మాస్టారి మొహం చూడలేకపోయాను. ఆయన గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటుంటే వణుకుతున్న కాలు రెండుసార్లు తప్పింది. జీపులో వచ్చిన కాపలావాడొకడు రెక్క పట్టుకుని దించాడు. జీపు తలుపు పడిన చప్పుడు వినబడింది. నేను బతికిపోయాను. సాయంత్రం అమ్మాయికి తలుపు తీసే ఉంటుంది. ఇంతకన్నా నేను కోరుకున్నదేమీ లేదు.

మెషిను మీద ఆ తెల్ల ముక్క అలాగే ఉంది. ఒకటి ఆయన గీత, ఒకటి నాది. నాది తిన్నగా, అందంగా, అంచు నుంచి మొదలై ఉంది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ మాట మళ్ళీ చెవిలో పడింది, "విప్పు."

విప్పే వ్యవధి లేదు. జీపు స్టార్టయింది. ఆ రెండింటి కింద అరంగుళం లోపల సూది దించాను. వెనక్కి వచ్చాను. ముందుకి వెళ్ళాను. దారం తెగేలా గుడ్డ లాగేసి, కొస తెంపకుండానే బయటికి పరిగెత్తి, ఆఫీసరు కూర్చున్న వైపు కిటికీలోంచి చాచాను. ఏదో చెబుదామనుకున్నాను గానీ పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఆయన గుడ్డని చూశాడు, తన జేబు చూసుకున్నాడు, నన్ను చూశాడు.

"ఎక్కు," అన్నాడు.

వీధి అవతల వదిన నిలబడి ఉంది. పక్కన ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు. నాలుగు నెలలుగా పదిమందిలో ఆమెని పిలవని నేను, వీధంతా వినబడేలా అరిచాను.

"వదినా! అమ్మాయి నాలుగింటికి వస్తుంది!"

"నేనున్నాగా!" అని తనూ అంత గట్టిగానే అరిచింది.

వెనక తలుపు తీశారు. మెట్టు ఎక్కడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సొచ్చింది. మాస్టారు ముందుకి వంగి ఆఫీసరు చేతిలోంచి ఆ ముక్క అడిగి తీసుకున్నాడు. నా మూడో గీత మొదట్లో బొటనవేలితో తడిమి చూశాడు. కొసన వేలాడుతున్న జానెడు దారం కనబడింది ఆయనకి.

"కొస తెంపకుండా వచ్చేశావేమే?" అన్నాడు.

మూడేళ్ళ తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది. ఆ దారాన్ని పళ్ళతో కొరికి తెంపి, నాకు చోటివ్వడానికి కాస్త పక్కకి జరిగాడు.