లోపలి ఫోను

ఆఫీసు గేటు పక్కనున్న చెక్కబీరువా గడిలో అతను ఫోను పెట్టబోతుండగా అది మోగింది. అక్క.

"ఒరే, ఇవాళ గడిస్తే చాలంటున్నాడురా డాక్టరు. అన్నయ్య నిన్నే అడుగుతున్నాడు. వస్తున్నావా?"

"మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానక్కా. ఒక్క పనుంది, అది కానిచ్చి..."

"నీ పని ఎప్పుడయింది గనక?" అని అక్క పెట్టేసింది.

పరీక్షల గదిలోకి సొంత ఫోన్లు తీసుకెళ్ళకూడదు. అతను గడి తలుపు మూస్తుంటే కాపలా మనిషి, "మీ ఫోనుకి మీకంటే నేనే చనువు సార్. ఇంటికి తీసుకెళ్తే బెంగపెట్టుకుంటుందేమో" అన్నాడు. రోజూ అనే మాటే. రోజూలాగే అతనూ నవ్వాడు.

గదికి కిటికీల్లేవు. పైన ఏసీ ఎడతెగకుండా రొద పెడుతుంది. అతని కుర్చీలో స్పాంజి అణిగి అణిగి అతని ఆకారానికే గుంటపడింది. కీబోర్డు మీద కొన్ని అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. ఎవరో రాసిన ఫోన్ యాప్‌లలో తప్పులు పట్టడం అతని ఉద్యోగం. ఇదివరకు బల్లమీద నిజం ఫోన్లుండేవి. వాటిని తీసేశారు. ఇకమీదట లినక్స్ కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి ఫోనును నిలబెట్టి పరీక్షించాలి. ఎమ్యులేటర్ అంటారు. తెరమీద బొమ్మలా కనిపిస్తుంది గాని, అసలు ఫోనులాగే తెరుచుకుంటుంది, మోగుతుంది, కట్టవుతుంది. సాయంత్రంలోగా అది పనిచెయ్యాలి.

మంచినీళ్ళకి లేచినా సరే, తెరకు తాళం వెయ్యకుండా అతను కదలడు. అందుకే అందరూ 'తాళంగారు' అంటారు. లాగవుట్ మాత్రం ఎన్నడూ అవడు. ఆ తాళం వెనక నెలల తరబడి తెరిచినవి తెరిచినట్టే ఉంటాయి, సగం చదివినవీ, సగం రాసినవీ. ఒక్కటి మూసినా తనలో ఏదో ఊడిపోతుందని అతని భయం.

ఎమ్యులేటర్ తెరిచే ఆదేశం కొట్టాడు. పర్మిషన్ లేదంది యంత్రం. ఎమ్యులేటర్ వాడే హక్కున్న గ్రూపులో తన పేరు చేర్చుకుని మళ్ళీ కొట్టాడు. లేదంది. అంతా తీసేసి మొదటినుంచీ ఎక్కించాడు. లేదంది. భోజనాల వేళ దాటిపోయింది.

అలా లేదన్నప్పుడల్లా అతని గుండెల్లో ఒక ముడి వదులవుతోంది. అదేమిటని అతను తరచి చూసుకోలేదు. సెలవు అడిగితే పంపేవారే. అడగలేదు. మొన్న చూసినప్పుడు అన్నయ్య అతని మణికట్టు పట్టుకున్నాడు. ఆ చేతికి బరువన్నది లేదు. చర్మం మీద ఇంకా అక్కడే ఉంది ఆ బరువులేనితనం.

చిన్నప్పుడు స్నానాలగది గడియ బిగుసుకుపోయి అతను లోపల చిక్కుకున్నాడు. వడ్రంగి వచ్చేదాకా అన్నయ్య తలుపుకి వీపానించి కూర్చుని, ఒక సినిమా కథ ఫైటింగులతో సహా చెప్పాడు. మధ్యమధ్య, "నేనిక్కడే ఉన్నాలేరా" అంటూ తలుపు కింది సందులోంచి వేళ్ళు ఆడించాడు. చివరికి తలుపు తెరుచుకున్నప్పుడు అతనికి కలిగింది సంతోషం కాదు, కాస్త నిరాశ. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పొద్దు వాలుతుండగా వాళ్ళ టీమ్ లీడ్ వచ్చింది. వయసులో అతనికంటే బాగా చిన్నది.

"ఏమండీ తాళంగారూ, నిద్ర లేచిందా మీ ఫోను?"

"పర్మిషన్ లేదంటోందమ్మా."

"గ్రూపులో చేరారా?"

"పొద్దున్నే చేరాను."

"చేరాక లాగవుట్ అయ్యారా?"

కొత్త హక్కు, ఒకసారి బయటికి వెళ్ళి తిరిగొచ్చినవాడికే వర్తిస్తుంది.

"మీరే కదండీ నాకిది నేర్పింది" అని ఆమె నవ్వింది.

ఆ నవ్వుకి అతని చెవులు వేడెక్కాయి. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ చెప్పిన మాట, పొద్దుటినుంచీ తనకెందుకు తట్టలేదు? తట్టలేదా?

తెరిచినవన్నీ ఒక్కొక్కటే మూశాడు. బయటికి వచ్చాడు. తెర ఖాళీగా కనిపించింది. మళ్ళీ లోపలికి వెళ్ళాడు. ఒక్క దెబ్బకి లేచింది ఫోను.

యాప్ వాడుతుండగా కాల్ వస్తే యాప్ మూసుకుపోకూడదు, అదీ పరీక్ష. పిలిచేవారి పేరు అడిగే చోట అతని వేళ్ళు వాటంతటవే 'అన్నయ్య' అని కొట్టాయి. కాల్స్ ఒకదాని వెంట ఒకటి వచ్చేలా పెట్టాడు. ఫోను మోగింది. యాప్ పక్కకి తప్పుకుని, కాల్ ఆగాక తిరిగొచ్చింది. మళ్ళీ మోగింది.

"భేష్. ఇక బయల్దేరండి" అంది లీడ్.

అతను లేచి తెరకు తాళం వేశాడు.

కాపలా మనిషి ఈసారి హాస్యమాడలేదు. అప్పటికే ఫోను గడిలోంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. "చాలాసార్లు మోగింది సార్. లోపలికి రావడానికి నాకు పాస్ లేదు."

అక్కడే నిలబడి అక్కకి చేశాడు. అక్క ఏడవడం లేదు. "మధ్యాహ్నం పోయాడురా. మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆగిపోయాడు. నువ్వు దార్లో ఉన్నావనే చెప్పాను. నెమ్మదిగా రా. తొందరేం లేదు."

అతను రోడ్డు మీదికి వచ్చి, ఎటు తిరగాలో తెలియనివాడిలా నిలబడి, తర్వాత నడిచాడు.

కిటికీల్లేని గదిలో, తాళం వేసిన తెర వెనక, అతను ఆపడం మరిచిన ఫోను అన్నయ్య పేరుతో మోగి, ఆగి, మళ్ళీ మోగుతోంది.