చుక్కానికి రెండు పిన్నులు

పోతుందేమోనన్న భయంతోనే ఆయన దాన్ని పోగొట్టాడు.

ఆయనకున్నది ఇద్దరు పట్టే చిన్న తెరచాప పడవ. దాని వెనక చుక్కాని. పడవకో కడియం, చుక్కానికో కడియం, రెంటినీ కలిపి గుచ్చే వేలెడు పిన్ను. పదకొండేళ్లుగా ఆ పిన్ను ఎవరి జోలికీ పోకుండా తన పని తాను చేసుకుంటోంది. సోమవారం పొద్దున పడవ కడుగుతుంటే ఆయనకు, “ఇది గానీ పోతే?” అనిపించింది. ముప్పై రెండేళ్లు ఫ్యాక్టరీ స్టోర్సులో చేసి రిటైరైన మనిషి. స్పేరు లేని వస్తువు కనిపిస్తే ఆయనకు అన్నం సయించదు. నమూనా చూపించి ఇంకోటి చేయిద్దామని పిన్ను ఊడబెరికి చొక్కా జేబులో వేసుకున్నాడు. గట్టు మీద బూటు లేసు ఊడింది. వంగాడు. బుడుంగుమంది. అక్కడ నీళ్లు నిలువెత్తు, అడుగున బురద మోకాల్లోతు.

ఆయన ఇంటికొచ్చి ఇదంతా చెబుతుంటే వాళ్లావిడ వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. అరగంట తర్వాత గానీ ఆవిడ నవ్వు ఆగలేదు. సాయంత్రానికి ఇక నవ్వు రాలేదు.

“ఆదివారం లోపు పిన్ను కుదరకపోతే పడవ ఆ పళ్ల డాక్టరుకి అమ్మేస్తా,” అన్నాడాయన కాఫీ తాగుతూ. “ఏడాదినించీ అడుగుతున్నాడు. నాకూ ఇంట్లో బోలెడు పనుంది.”

ఆవిడ ఆదివారానికి ఎన్ని రోజులుందో వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

ఆయన రిటైరై ఎనిమిది నెలలైంది. వారానికి ఆరు రోజులు ఆయన ఇంట్లోనే ఉంటాడు, ఆవిడ వెనకే ఉంటాడు. కూర తరుగుతుంటే ముక్క సైజు చెబుతాడు. బట్టలారేస్తుంటే క్లిప్పులు లెక్కపెడతాడు. ఆదివారం మాత్రం పొద్దున ఎనిమిదికి పడవకు పోతే మళ్లీ రెండింటికే రావడం. ఆ ఆరు గంటలూ ఆవిడవి. కిటికీ పక్క కుర్చీ, చదువుతున్న పుస్తకం, చల్లారిపోయినా ఎవరూ ఏమీ అనని కాఫీ.

మొన్న ఆడపడుచు ఫోనులో, “ఎంత అదృష్టం వదినా! అన్నయ్య ఇరవై నాలుగ్గంటలూ కళ్లెదుటే,” అంది.

“అవునమ్మా,” అంది ఆవిడ. “రెప్ప వేయడానిక్కూడా సందు లేదు.”

మంగళవారం ఆయన లేత్ మిషన్ షాపుకెళ్లి పావుగంటలో తిరిగొచ్చాడు.

“ఏమన్నాడండీ?”

“శాంపిల్ తెమ్మన్నాడు.”

“శాంపిల్ నీళ్లలో ఉందని చెప్పారా?”

“చెప్పాను. శాంపిల్ లేకుండా చెయ్యనన్నాడు. న్యాయమే! పాతది అప్పజెప్పందే నేనెప్పుడైనా కొత్తది ఇచ్చానా? మనిషి రూలు తెలిసినవాడు.”

“మరి మీరేమన్నారు?”

“మెచ్చుకుని వచ్చాను.”

ఏ రూలుతో ముప్పై రెండేళ్లు ఫ్యాక్టరీలో అందర్నీ తిప్పి పంపాడో, అదే రూలు తనని తిప్పి పంపినందుకు ఆయన ముఖం వెలిగిపోతోంది. ఇలాంటి మనిషికి ఏం చెబుతాం.

బుధవారం ఆవిడ స్నానం చేసి వచ్చేసరికి వంటింటి డబ్బాలన్నీ నేల మీద వరసగా నిలబడి ఉన్నాయి. ఉప్పు డబ్బా మీద ‘1’ అని చీటీ. పంచదార మీద ‘2’. ఆయన ముక్కు మీద కళ్లజోడు, ఒళ్లో కొత్త రిజిస్టరు.

“ఏమిటండీ ఇది?”

“పద్ధతి. ఇకనించీ ఏది కావాలన్నా నంబరు చెప్పు, నేనందిస్తా. మిరియాలు రెండు డబ్బాల్లో ఎందుకున్నాయి?”

“ఒకటి కొట్టినవి, ఒకటి కొట్టనివి.”

“ఆ మాట పైన రాసి లేదే?”

ఆవిడ డబ్బాలు దాటుకుని అవతలికొచ్చింది. తలుపు గొళ్లేనికున్న చేతిసంచీ తీసుకుంది, అల్లిక సూదుల కట్ట అందులో వేసుకుంది. “ఊలు అయిపోయింది, తెచ్చుకుంటా,” అని చెప్పి తిన్నగా రేవుకు వెళ్లింది.

పడవ గట్టుకు కట్టేసి ఉంది. పిన్ను జారిపోకుండా కింద గుచ్చే చిన్న తీగ క్లిప్పు మాత్రం గట్టి దారంతో చుక్కానికి కట్టి ఉంది. కాపలావాడిని కట్టేసి దొరగారిని జేబులో వేసుకున్నాడన్నమాట. ఆవిడ పడవలోకి దిగి, ఒక చేత్తో చుక్కాని ఎత్తి కడియం మీద కడియం ఆనించింది. ఒక్కో సూదీ గుచ్చి చూసింది. సన్నవి గలగలా కదిలాయి. లావువి దూరనే లేదు. ఆరోది వదులూ కాకుండా, బిగుతూ కాకుండా, ఒరలో కత్తిలా దిగింది. పొడవు ఎక్కడిదాకా రావాలో చూసుకుని అక్కడ ఎర్ర దారం చుట్టింది. క్లిప్పు దూరాల్సిన చోట నల్ల దారం. ఒకసారి తీసి మళ్లీ గుచ్చి సరిచూసుకుని, క్లిప్పు కూడా విప్పి సూదితో పాటు సంచీలో వేసుకుంది. చొక్కాకు కాజా కుట్టినా ఆవిడ అంతే.

లేత్ మేస్త్రి సూదిని వెలుగులో తిప్పి చూశాడు.

“ఏంటమ్మా ఇది?”

“మీరడిగిన శాంపిల్. పిన్నుది కాదు, పిన్ను పట్టే కన్నానిది. ఎర్ర దారం దగ్గర కొయ్యాలి. నల్ల దారం దగ్గర ఈ క్లిప్పు పట్టేంత చిల్లు.”

మేస్త్రి క్లిప్పును కొలిచి ఇచ్చేసి, నవ్వాడు. “నిన్న సారుకి ఇదే చెబుదామనుకున్నానమ్మా. శాంపిల్ లేదంటే మానె, ఆ కన్నమైనా కొలుచుకు రండి అని. నేను నోరు తెరిచేలోపే శభాష్ అని భుజం తట్టి వెళ్లిపోయారు.”

“వెళ్తారు.”

“తుప్పు పట్టని స్టీలులో చేస్తా. ఒకటేగా?”

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. కళ్లముందు నేల మీది డబ్బాలు కనిపించాయి.

“రెండు చెయ్యండి. దేనికైనా మంచిది.”

శనివారం సాయంత్రం ఆవిడ ఆ రెండింటినీ టీ కప్పు పక్కన పెట్టింది. ఆయన ఒకటి తీసుకుని వేళ్ల మధ్య దొర్లించాడు, రెండోది తీసుకున్నాడు, ఆవిడ వంక చూశాడు. సూదుల సంగతి విన్నాక చాలాసేపు మాట్లాడలేదు. ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి.

“స్పేరుతో సహా!” అన్నాడు చివరికి. “ఇన్నేళ్లూ నిన్ను స్టోర్సులోకి తీసుకోవాల్సింది.”

“ముందు రేపు పడవ తీసుకెళ్లండి,” అంది ఆవిడ ప్రాణం లేచొచ్చి. “డాక్టరుకి అమ్మనని చెప్పేయండి.”

“ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తా. వంటింటి పని కూడా ఆపేస్తా. నువ్వొక్కదానివే చూసుకోగలవు.” ఆయన లేచి, చాలా గొప్ప బహుమతి ఇస్తున్నవాడిలా నిలబడ్డాడు. “పదకొండేళ్లు ఒక్కణ్ణే వెళ్లాను. తప్పు చేశాను. రేపు నువ్వూ వస్తున్నావు. రేపే కాదు, ప్రతి ఆదివారమూ. చుక్కాని నీ చేతికే ఇస్తా!”

“నాకు ఈత రాదండీ.”

“అందుకేగా, ఇప్పుడే వెళ్లి నీకూ ఒకటి, స్పేరొకటి, రెండు లైఫ్ జాకెట్లు కొనుక్కొస్తా.”

ఆదివారం గాలి చక్కగా వీచింది. పిన్ను కడియాల్లో చప్పుడు లేకుండా తిరిగింది. స్పేరు పిన్ను గట్టి దారంతో పడవకే కట్టి ఉంది. ఆ ముడి వేసింది ఆవిడే. వదులుగా వెయ్యడం ఆవిడకు చేతకాలేదు. ముందు కూర్చున్న ఆయన వెనక్కి తిరిగి, “కొంచెం ఎడమకి… అంతొద్దు… ఆఁ, సగం వెనక్కి,” అని చెబుతూనే ఉన్నాడు.

ఆవిడ కొంచెం ఎడమకి తిప్పింది. అంత దూరాన, ఒడ్డు వెనక, తమ ఇంటి కిటికీ కనిపించింది. లోపల డబ్బాలు ఎక్కడివక్కడ సర్ది ఉన్నాయి. కుర్చీ ఖాళీగా ఉంది. పుస్తకంలో దారం పెట్టిన పేజీ అలాగే ఉంది. ఇల్లంతా నిశ్శబ్దంగా, ఆవిడ ఎలా కావాలనుకున్నదో అచ్చం అలాగే ఉంది. రెండింటిదాకా అక్కడ ఎవ్వరూ ఉండరు.