కుదురు లేని ఆడవాళ్ళు

అంజిలయ్య ఇంటి ఆడవాళ్ళకు కుదురు లేదని ఇబ్రహీంపట్నంలో వాళ్ళ వీధంతటికీ తెలుసు. ఆ మాట పుట్టించింది ఇంకెవరో కాదు, అంజిలయ్యే. ఇరవై ఏళ్ళ కింద పెళ్ళాం సిద్దమ్మ కుట్టుమిషన్ పనిలో చేరి మూడు నెలలకే మానేసింది. "దీనికి ఒక్క తాన కూసోవస్తదా?" అని ఇప్పటికీ ఇంటికెవరొచ్చినా చెప్పి నవ్వుతాడు మహానుభావుడు. సిద్దమ్మ కూడా గోడకానుకొని నిలబడి నవ్వుతుంది.

ఇప్పుడా మాట కూతురు రమ మీదికొచ్చింది. రమ ఆదిభట్లలో ఒక కంపెనీలో తీగలు కట్టలు కట్టే పనిలో చేరి ఐదు నెలలైంది. పొద్దంతా ఎత్తు స్టూలు మీద కూర్చుని చేసే పని. ఆరో నెల నిండితే పర్మనెంటు చేస్తామన్నారు. సరిగ్గా అప్పుడే గజ్జల్లో మొటిమల్లాంటివి లేచాయి. లేచినవి ఊరుకున్నాయా? రెండు గోళీకాయలంత గడ్డలయ్యాయి, ఒకటి పగిలి చీము కారింది. కూర్చుంటే ప్రాణం పోయినట్టుండేది. కంపెనీ బస్సులో నిలబడి వస్తుంటే, "సీట్ల ముండ్లున్నయా ఏందే?" అని తోటి పనిపిల్ల షహీన్ ఆటపట్టించేది. నడుం నొప్పి అనేది రమ.

ఇంట్లో మాత్రం దాగలేదు. బట్టలకంటిన మరక తల్లి కంటపడింది. "సెగ గడ్డలు బిడ్డా, వేడి చేసింది" అని తేల్చేసింది సిద్దమ్మ. కోడిగుడ్డు బంద్ అయింది, సబ్జా నీళ్ళు మొదలయ్యాయి. సున్నమూ బెల్లమూ కలిపి, కొలత చూడకుండా, చెయ్యి తిరిగిన మనిషిలా పట్టీ వేసిచ్చింది. దాంతో తోలు కాలి పక్కన ఇంకో పుండైంది.

ఇక రమ తెలివితేటలు వినండి. మందుల షాపాయన "ఎక్కడమ్మా?" అంటే నలుగురి ముందు నోరు పెగలక "మెడ మీద" అంది. ఆయన పాపం మెడకే మలాం ఇచ్చాడు. అది రాయగానే భగ్గుమంది. శుభ్రంగా ఉంటే తగ్గుతుందేమోనని బ్లేడుతో వెంట్రుకలు తీసింది. వారం తిరక్కుండా కొత్తవి నాలుగు లేచాయి. దవాఖానకు పోదామంటే భయం. పెళ్ళి కాని పిల్లకు అక్కడ పుండ్లంటే ఏమనుకుంటారు?

శుక్రవారం సూపర్‌వైజర్ వీరస్వామి విసిగిపోయాడు. "గంటకు నాలుగు సార్లు లేస్తున్నవ్. నీకు కుదురు లేదమ్మా. నెలాఖరుకు రిపోర్టుల గిదే రాయాల్నా?"

రమ ఇంటికొచ్చి ఆ మాట చెప్పి ఏడ్చింది. వేడి వేడి అని నెల రోజులుగా ఒకటే పాట పాడిన సిద్దమ్మ ఒక్క క్షణం కూతురి మొహంకేసి చూసింది. "పొద్దుగాల్ల దవాఖానకు పోదాం, నడువ్" అంది. తనకు తానుగా ఎన్నడూ దవాఖాన గడప తొక్కని మనిషి!

డాక్టరు ఉమారాణి ఏమైందని అడిగితే, రమ అలవాటు కొద్దీ "మోకాలు నొప్పి మేడం" అంది.

"మోకాలు నొప్పైతే కాళ్ళు ఎడంగ వెట్టి ఎందుకు నడుస్తవ్? తలుపేస్త. చూపియ్యి."

చూశాక డాక్టరు చేతులు కడుక్కుంటుంటే రమ ఆగలేకపోయింది. "చెడ్డ రోగమా మేడం? నేనేం తప్పు చెయ్యలే."

"ఎవరన్నరు తప్పని? ఇది అంటు కాదు, మురికి వల్ల వచ్చింది కాదు, వేడి అసలే కాదు. వెంట్రుక మొదట్ల రంధ్రం మూసుకపోయి లోపల వాస్తది. గజ్జల్ల, చంకల్ల, రాపిడి ఉన్న తాన మళ్ళ మళ్ళ వస్తది. ఒక్కసారిల పోదు. కానీ మందులున్నయి, అదుపుల ఉంటది."

గడ్డల్ని చేత్తో పిండొద్దంది. సున్నం పేరెత్తొద్దంది. బ్లేడు మానేసి, కావాలంటే కత్తెరతో పైపైన కత్తిరించుకోమంది. వదులుగా నూలు బట్టలు కట్టుకోవాలి, నొప్పున్నప్పుడు గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డ పది నిమిషాలు అద్దాలి. తగ్గింది కదా అని గోలీలు మధ్యలో ఆపకూడదు. జ్వరమొస్తే, ఎర్రగా పాకితే అదే రోజు రావాలి. నెలకూ దారికి రాకపోతే పట్నంలో చర్మం డాక్టరుకు రాసిస్తానంది. కంపెనీకి కూడా ఒక చిట్టీ రాసింది, గంటకోసారి ఐదు నిమిషాలు లేవనివ్వాలని. "ఎక్కడనేది రాయలే. ఆళ్ళకెందుకు?"

రమకు గుండె మీది బరువు దిగింది. లేచి తలుపు దాకా వెళ్ళింది.

"ఇంట్ల ఇంకెవరికన్న ఉన్నదా? కొందరిండ్లల్ల తల్లికుంటే పిల్లలకొస్తది."

"లేదు మేడం" అంటూ తలుపు తీసింది.

బయట ఆరు కుర్చీలుంటే ఐదు ఖాళీ. సిద్దమ్మ గోడకానుకొని, కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి నిలబడి ఉంది. రమ పుట్టినప్పటి నుంచీ చూస్తున్న నిలబడే తీరే అది. ఇవాళే మొదటిసారి చూసినట్టయింది.

"అమ్మా, కూసోరాదు?"

"వద్దు బిడ్డా. మోకాళ్ళు గుంజుతయి."

రమ దగ్గరికెళ్ళింది. "మోకాళ్ళేనా అమ్మా?"

సిద్దమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నువ్వు పుట్టకముందుకెంచి" అంది.

"మిషన్ అందుకే ఇడిసిపెట్టినవా? బాపుకు చెప్పలే?"

"గిది మొగోనికి చెప్తరా? కుదురు లేదంటే అననియ్యి అనుకున్న. నన్నంటే పడ్డ. నిన్న గదే మాట నిన్ను గూడ అన్నరని చెప్పినవ్ గదా, ఇగ నాతోని కాలే. గా మాట నాతోనే పోవాలె బిడ్డా."

రమకు తండ్రి మీద, వీధి మీద, తన మీద కూడా ఒక్కసారే కోపమొచ్చింది. ఏడుపూ వచ్చింది. తల్లి చెయ్యి పట్టుకుని మళ్ళీ లోపలికి లాక్కెళ్ళింది.

"మేడం, ఉన్నది. మా ఇంట్ల ఉన్నది."

డాక్టరు సిద్దమ్మను చూసింది. "కూసో" అనబోయి ఆగింది. కుర్చీ వెనక్కి జరిపి తనే లేచి నిలబడింది.

"నిలబడే చెప్పమ్మా" అంది. "ఎన్నేండ్లాయె?"